తన లెక్కను తానే దిద్దిన పాలకుడు – సర్ థామస్ మన్రో

బళ్ళారి, అనంతపురం, కడప సీమలలో రెండు శతాబ్దాలు గడచినా మాసిపోని పేరు మన్రో. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1761 మే 27న జన్మించిన ఆయన, 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్టుగా మద్రాసు చేరారు. బారామహల్, కన్నడ జిల్లాలలో రెవెన్యూ వ్యవహారాలు నేర్చి, 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చారు.

పాళెగాళ్లను ఆయన కఠినంగా అణచివేశారు. 1802లో సర్వే ఆరంభించి, పొలం పొలం కొలిపించి, రైతు పేరిటనే శిస్తు నిర్ణయించారు. ఏడేళ్లలో రాబడి ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. పైఅధికారులు మెచ్చుకొన్నారు. మరొకరైతే ఆ కీర్తితోనే తృప్తి చెందేవారు.

కాని ఊరూరా గుడారాలలో బసచేసి రైతుల స్థితిగతులు కన్నులారా చూసిన మన్రోకు, తాను విధించిన శిస్తు బరువు తెలిసివచ్చింది. పంటలో నూటికి సుమారు 45 పాళ్లు సర్కారుకే పోతున్నది. మూడవ వంతుకు మించితే భూమికి విలువ ఉండదనీ, రైతు కోలుకోడనీ ఆయన గ్రహించారు. 1807లో తన నిర్ణయాన్ని తానే సవరిస్తూ, శిస్తును నూటికి 25 పాళ్లు, బావులు, ఏతాల క్రింది భూములకు 33 పాళ్లు తగ్గించవలెనని ప్రభుత్వానికి నివేదించారు.

ఆ సిఫారసు అమలుకు నోచుకోలేదు. అదే ఏడు ఆయన స్వదేశానికి వెళ్లారు. తరువాత ప్రభుత్వం గ్రామాలను తొలుత మూడేళ్లకు, ఆపై పదేళ్లకు గుత్తకిచ్చింది. శిస్తు భారం మాత్రం తగ్గలేదు. గుత్తదారులెందరో చితికిపోయారు, పల్లెలు దెబ్బతిన్నాయి.

1820లో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన మన్రో పాత నివేదికను మరువలేదు. నాడు కోరిన తగ్గింపును అధికారం చేతికందగానే అమలుపరచారు. దిద్దుబాటుకు పదమూడేళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు రైతులే!

1827లో పదవీ విరమణకు ముందు ఈ సీమను చివరిసారి చూడవచ్చి, జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేసిన ఆయన అస్థికలను 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఈ ప్రాంతంలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారు ఉండేవారని చెబుతారు.

ఆయన పరాయి పాలనకు ప్రతినిధియే. ఆ పాలనలోని దోషాలు చరిత్రకెక్కినవే. అయినను, తన లెక్క తప్పినదని కాగితంపై ఒప్పుకొని, అవకాశం రాగానే సరిదిద్దడం అధికారంలో ఉన్నవారిలో అరుదైన గుణం. ఇంటిని నడిపే తల్లిదండ్రులకు, తరగతిని నడిపే గురువులకు, రేపు ఊరిని నడపబోయే విద్యార్థులకు ఈ జీవితం నేర్పే పాఠమొక్కటే: పొరపాటును గుర్తించిననాడే దిద్దుకోవాలి. జాప్యం చేసిన కొద్దీ దాని భారం మోసేది ఎదుటివారే.