సొన్నలిగె శివయోగి సిద్ధరామేశ్వరులు

కరవు వచ్చిన యేట ఊరి బలమెంతయో తెలియును. ఎవరి కుండ వారిదే, ఎవరి గింజ వారిదే అనుకొను ఊరు ఆ యేటనే చెదరిపోవును. ఈ సత్యము నెరిగి, పన్నెండవ శతాబ్దమున ఒక ఊరినంతటిని ఒక కుటుంబముగా కూర్చిన మహనీయులు సిద్ధరామేశ్వరులు.

నేడు మహారాష్ట్రములో షోలాపురమని పిలువబడు నగరమే ఆనాటి సొన్నలిగె. అచ్చట ముద్దగౌడ, సుగ్గవ్వ దంపతులకు వారు జన్మించిరి. బాల్యమున మౌనముగా పశువులను మేపుచుండిరి. ఒకనాడు పొలములో జంగమరూపమున మల్లయ్య కనిపించి పెరుగన్నము కోరెననియు, బాలుడు ఇంటికి పోయి తెచ్చునంతలో అదృశ్యుడయ్యెననియు, ఆ మల్లయ్యను వెదకుచు బాలుడు మన శ్రీశైలమునకు చేరెననియు గాథ. కన్నడ కవి రాఘవాంకుడు వీరి జీవితమును ‘సిద్ధరామచరిత్ర’గా రచించెను.

శ్రీశైలమునుండి మరలివచ్చిన సిద్ధరాములు తమ ఊరినే మరియొక శ్రీశైలముగా చేయ సంకల్పించిరి. మల్లికార్జునునకు ఆలయమెత్తించిరి. ఊరి చుట్టును 68 లింగములను ప్రతిష్ఠించిరి. అది వానలు తక్కువైన సీమ. కావున గొప్ప చెరువును త్రవ్వింప పూనుకొనిరి. వందలాది జనులు పలుగు పారలు పట్టిరి. కలసి మట్టి మోసినవారు కలసి భుజించిరి. పేదల బిడ్డలకు సామూహిక వివాహములు జరిపించిరని కూడ సంప్రదాయము చెప్పుచున్నది. చెరువు నిండకమునుపే జనుల నడుమ నమ్మకము నిండెను.

ఇంతలో అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, సిద్ధరాములను మట్టి త్రవ్వువానిగా తక్కువచేసి పలికెను. కోపించిన పనివారు ఆయనపై రాళ్లు రువ్విరి. సిద్ధరాములును ఆగ్రహించిరి. లోకమునకు నీరిచ్చు చేతులలో, నేను చేయుచున్నాననెడి అహంకారము మిగిలియున్నదని ప్రభువు వారికి తెలియజెప్పెను. కార్యము గొప్పదైనను, కర్త తానను తలపు నశింపనిదే అది శివార్పితము కాదని గ్రహించి, సిద్ధరాములు తలవంచిరి. ప్రభువు వెంట కల్యాణమునకేగి, చెన్నబసవణ్ణ చేత ఇష్టలింగదీక్ష పొందిరి. బసవణ్ణ బోధించిన కాయక దాసోహములు వారు ముందే ఆచరించినవే. ఇప్పుడు వానికి వినయము తోడయ్యెను. అనుభవమంటపమున శూన్యసింహాసనము నధిష్ఠించిన వారిలో వీరొకరు.

తుదకు వారు సొన్నలిగెలోనే సమాధి చెందిరి. నేటికిని ఆ చెరువు నడుమ సిద్ధేశ్వరాలయము విలసిల్లుచున్నది. మకర సంక్రాంతికి నందిధ్వజములతో గొప్ప జాతర జరుగును. బ్రతుకుతెరువుకై వలసపోయి అచ్చట స్థిరపడిన తెలుగు నేతకుటుంబములు అనేకము కలవు.

శరణబంధువులారా! నేడు మన పేటలలో ఇండ్లు దగ్గరయినవి, మనుష్యులు దూరమైరి. ప్రక్కయింట జబ్బుపడినవాని సంగతి మనకు తెలియదు. ప్రతి పేటయు ఒక బావిని బాగుచేసికొనినను, ప్రతి మఠమును నెలకొకనాడు అందరిని ఒక పంక్తిని కూర్చుండబెట్టినను, ఆపద వచ్చినపుడు పిలువకయే పదిమంది వత్తురు. పేరు కోరక ఆ పని మొదలిడుటయే సిద్ధరాములకు మనము చేయదగిన పూజ.

శరణు శరణార్థి.