మెదడు గీతలను చదివిన హాన్స్ బెర్గర్

తలకు గాయమై మంచముపై మౌనముగా పడియున్న మనిషికి మన పిలుపు వినబడుచున్నదా? వినబడినను, అతని మనస్సు దానిపై నిలుచుచున్నదా? రెప్ప కదలదు, పెదవి మెదలదు. ఆ మౌనము వెనుక నున్నదానిని కొంతవరకైనను తెలిసికొనుటకు వైద్యులకు నేడొక సాధనము కలదు. మెదడునందు పుట్టు విద్యుత్తరంగములను కాగితముపై గీతలుగా దింపు ఆ విద్యను మానవులయందు మొదట సాధించినవాడు జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్.

ఆయన 1873 మే 21వ తేదీన కోబుర్గ్ పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి వైద్యుడు. తల్లి ఫ్రీడ్రిష్ రూకర్ట్ కవి కుమార్తె. నలదమయంతుల కథను, జయదేవుని గీతగోవిందమును జర్మను భాషలోనికి తెచ్చిన పండితుడు ఈ రూకర్టే.

బెర్గర్ బెర్లినులో ప్రారంభించిన చదువును విడిచి, ఒక సంవత్సరము సైన్యమున చేరెను. ఒకనాడు గుఱ్ఱము బెదరగా ఫిరంగిబండి చక్రము ముందు పడెను. బండి చివరి క్షణమున ఆగినది. ఆ సాయంకాలమే కుశలమడుగుచు ఇంటినుండి తంతి వచ్చెను. దూరమున నున్న తోబుట్టువు, హాన్సుకు కీడు జరిగినదని భయపడి తండ్రిచేత దానిని పంపించినది. మనస్సు మనస్సుతో మాటాడగలదని ఆ యువకుడు నమ్మెను. మనశ్శక్తికిని మెదడునకును గల లంకెను కనుగొనవలెనని వైద్యవిద్యకు మరలెను.

1897లో యేనా నగరమునందలి మానసిక వైద్యశాలలో చేరి, 1919లో దానికి అధిపతి యయ్యెను. మెదడులోని రక్తప్రసారమును, ఉష్ణమును ఏండ్ల తరబడి కొలిచినను కోరిన ఫలము దక్కలేదు. జంతువుల మెదడునందు విద్యుత్తు కలదని ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ 1875లోనే చూపియుండెను. మానవునియందు అది దొరకునా? 1924 జూలైలో, శస్త్రచికిత్సకు వచ్చిన 17 ఏండ్ల బాలుని తలపై బెర్గర్ తొలిసారి ఆ కదలికను పట్టెను. గాయములవలన, చికిత్సలవలన కపాలమున కొంత ఎముక పోయినవారు ఆయనకు మిగుల తోడ్పడిరి. ఎముక అడ్డము లేనిచోట తరంగము తేటగా అందును. తరువాత తన కుమారుడు క్లౌస్‌ను పరీక్షించెను. వోల్టులో లక్షవ వంతులతో లెక్కించవలసిన ఆ కదలిక నిజముగా మెదడుదేనా, కండరముదా అను సందేహము ఆయనను వేధించెను. ఐదేండ్లు ఆగి, 1929లో గాని ప్రకటింపలేదు.

కన్నులు మూసి నెమ్మదిగా నున్నవాని మెదడు సెకనుకు సుమారు 10 తరంగములను ఎత్తును. కన్ను తెరచినను, శబ్దము వినిపించినను, లెక్క చేయుమన్నను అవి అణగిపోవును. కంటికి కనరాని అవధానము మొదటిసారి గీతయై కనబడినది. చాలమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో నోబెల్ బహుమానితుడు ఆడ్రియన్, ఆయన సహచరుడు మాథ్యూస్ అదే ఫలితము పొందిన పిదప లోకము అంగీకరించెను.

బెర్గర్ జీవితమున నీడయు కలదు. నాజీల కాలమున, వంశపారంపర్య రోగులని ముద్రపడినవారికి బలవంతముగా సంతానము లేకుండ చేయుటకు తీర్పునిచ్చు న్యాయస్థానమున ఆయన కూర్చుండెను. ఆయన నాజీల బాధితుడని చాలకాలము వ్రాయబడినను, తరువాతి పరిశోధకులు పత్రములు పరిశీలించి దానిని సరిదిద్దిరి. 1938లో పదవి విరమించి, విషాదరోగముతో క్రుంగి, 1941 జూన్ 1న తన ప్రాణములు తానే తీసికొనెను.

ఆయన నాటిన విత్తు ఇతరుల చేతిలో పెరిగినది. శబ్దమువలన మెదడు తరంగములలో కలుగు మార్పును 1939లో పౌలీన్ డేవిస్ గుర్తించెను. ముందుగా ఊహింపరాని శబ్దమునకు సుమారు 300 మిల్లీసెకన్లలో లేచు తరంగమును 1965లో శామ్యూల్ సటన్ బృందము వెల్లడించెను. నేటి పరీక్ష మన అష్టావధానమునందలి గంటల లెక్కను పోలినది. ఒకే స్వరము మరల మరల మ్రోయుచుండగా నడుమ అరుదుగా వేరు స్వరము వచ్చును. రోగి దానినే లెక్కించవలెను. మొదటి తరంగములు వినికిడిని, తరువాతిది అవధానమును సూచించును. మెదడు గాయపడినవారిలో ఇది తరచు ఆలస్యమగును, లేదా చిన్నదగును. కనబడనంత మాత్రమున రోగి వినుటలేదని నిర్ణయింపరాదు. కనబడినచో మాత్రము ఆ మెదడు శబ్దభేదమును గ్రహించుచున్నదని ఇంటివారికి చెప్పవచ్చును.

మనస్సునుండి మనస్సునకు పోవు దారిని బెర్గర్ కనుగొనలేకపోయెను. తన కాలమున దిక్కులేనివారి పక్షమున నిలువనూ లేదు. ఆయన విద్య మాత్రము నేడు నోరు పలుకనివారి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.