మాట మీద నిలబడిన వక్త – కట్టమంచి రామలింగారెడ్డి గారు



కిందటి సంవత్సరం మన బడిలో పెద్ద తరగతి పిల్లలకు తెలుగులో వాదోపవాదాల పోటీ పెట్టాం. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళడం మంచిదా, మస్కట్‌లోనే ఉండిపోవడం మంచిదా అన్నది విషయం. చీటీలు తీస్తే, అమ్మమ్మగారి ఊరంటే ప్రాణం పెట్టే ఒక బాబుకి మస్కట్ పక్షం వచ్చింది. నమ్మని మాట చెప్పడం అబద్ధం కాదా అంకుల్ అని వాడు నన్ను అడిగాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతకడం వచ్చు గాని, ఆ ప్రశ్నకి నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇంటికి వెళ్ళాక, విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆంధ్రా యూనివర్సిటీ స్నాతకోత్సవ మందిరానికి ఉన్న పేరు గుర్తొచ్చింది. అది సర్ సి. ఆర్. రెడ్డి గారి పేరు. ఆయన జీవితంలో ఆ బాబు ప్రశ్నకి జవాబు ఉందనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కట్టమంచి రామలింగారెడ్డి గారు 1880 డిసెంబర్ 10న చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో పుట్టారు. చిత్తూరులో స్కూలు చదువు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పై చదువు. అక్కడ విద్యార్థిగా ఉండగానే, 1899లో, కాలేజీ పోటీ కోసం 'ముసలమ్మ మరణం' అనే కావ్యం రాసి బహుమతి పొందారు. చెరువు కట్ట తెగకుండా ఊరి కోసం ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ అది. రాజులను, దేవతలను వదిలి ఒక పల్లెటూరి ఇల్లాలిని కావ్యనాయికని చేయడం ఆ రోజుల్లో కొత్త సంగతి.

1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అక్కడ 1815 నుంచి నడుస్తున్న విద్యార్థుల చర్చా సంఘం ఉంది. దాన్ని కేంబ్రిడ్జి యూనియన్ అంటారు. ఒక తీర్మానం పెడతారు. కొందరు సమర్థిస్తారు, కొందరు కాదంటారు. మాట్లాడుతున్న వాణ్ణి మధ్యలో ఆపి ప్రశ్న వేయవచ్చు. వాళ్ళ తర్వాత సభలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. చివర ఓటింగు. ఎదుటి పక్షం ఏమంటుందో ముందుగా ఆలోచించుకోని వాడు అక్కడ రెండు నిమిషాలు కూడా నిలబడలేడు. అటువంటి సంఘానికి రెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత ప్రపంచ ప్రసిద్ధ ఆర్థికవేత్త అయిన కీన్స్ కూడా ఆ రోజుల్లోనే ఆ సంఘంలో పేరు తెచ్చుకుని 1905లో అధ్యక్షుడయ్యాడు. మన దేశం పరాయి పాలనలో ఉన్న కాలంలో, ఆ పాలకుల ఊళ్ళోనే, వాళ్ళ భాషలోనే మన చిత్తూరు కుర్రవాడు సాధించిన గౌరవం ఇది.

స్వదేశం తిరిగి వచ్చాక బరోడా కాలేజీలో, ఆ తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు. మహారాజా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూడా ఉన్నారు. ఇంగ్లీషులో అంత పేరున్నా తెలుగును వదల్లేదు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రకటించారు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' ఎందుకు గొప్పదో, ఎక్కడ లోపముందో కారణాలతో చూపించిన గ్రంథం. పాత కవులను పొగడటమే విమర్శ అనుకునే కాలంలో దానికి ఎదురుదెబ్బలు తగిలాయి. కానీ తెలుగులో ఆధునిక విమర్శకి అది పునాదిరాయి అని తర్వాతి వాళ్ళు ఒప్పుకున్నారు. ఒక రకంగా కేంబ్రిడ్జి చర్చాపద్ధతిని ఆయన తెలుగు సాహిత్యంలోకి తెచ్చారని నేననుకుంటాను.

ఆ తర్వాత రాజకీయాలు. మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ నుంచి విడిపోయి, 1923 నవంబరులో పానగల్ రాజాగారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానానికి 44 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 65 వచ్చాయి. అంతటి వక్త కూడా ఓడిపోయారు! పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. బాగా మాట్లాడిన వాళ్ళే ప్రతిసారీ గెలవరు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైనప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ రెడ్డిగారే. 1930లో యూనివర్సిటీ వాల్తేరు చేరింది. తాను నాటిన మొక్క వేరూనుకుంటున్న ఆ సమయంలోనే, సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకి నిరసనగా ఆయన రాజీనామా చేశారు. వేదిక మీద ఖండించి ఊరుకోవచ్చు. ఆయన పదవినే వదిలారు. ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యత చేపట్టారు. 1936లో రెడ్డిగారు మళ్ళీ వైస్ ఛాన్సలర్ అయి 1949 వరకూ ఉన్నారు. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక యూనివర్సిటీని కొంతకాలం గుంటూరుకి తరలించి నడిపించారు. అదే ఏడు ప్రభుత్వం 'సర్' బిరుదు ఇచ్చింది. ఒకప్పుడు ఆ ప్రభుత్వాన్నే నిరసించిన మనిషి ఆ బిరుదు తీసుకోవడం గురించి కూడా మన పిల్లలు వాదించుకోవచ్చు. పెద్దవాళ్ళ జీవితాలను ప్రశ్నించడం ఆయన నేర్పిన విద్యే కదా! 1951 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు ఆ బాబుకి నా జవాబు. బాబూ, తరగతి గదిలో ఎదుటి పక్షం తీసుకుని మాట్లాడటం అబద్ధం కాదు, అభ్యాసం. అవతలి వాళ్ళు ఎందుకలా అనుకుంటున్నారో వాళ్ళకంటే బాగా చెప్పగలిగితేనే నీ పక్షం నీకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ జీవితంలో నువ్వు నమ్మింది ఏదో తేలిన రోజున, దాని పక్కన నిలబడాలి. నష్టం వచ్చినా సరే. రెడ్డిగారు 1930లో చేసింది అదే.

ఒమాన్ పల్లెల్లో సబ్లా అని ఉంటుంది, మన రచ్చబండ లాంటిది. ఊరివాళ్ళంతా కూర్చుని మంచీ చెడూ మాట్లాడుకుంటారు. మన ఇళ్ళల్లో భోజనాల దగ్గర కూడా అలాంటిదొకటి ఉంటే బాగుంటుంది. మన పిల్లలకి తెలుగులో ఆకలేస్తోంది, నిద్రొస్తోంది అనడం వచ్చు. ఎందుకు, ఎలా, నేనొప్పుకోను అనడం మాత్రం ఇంగ్లీషులోనే వస్తోంది. తల్లిదండ్రులకి నా మనవి ఒక్కటే. వారానికి ఒక రాత్రి పిల్లలతో తెలుగులో వాదించండి, అప్పుడప్పుడు ఓడిపోండి. మన పోటీ ఈ సంవత్సరం కూడా ఉంది. చీటీలో ఏ పక్షం వచ్చినా ఆ బాబు మళ్ళీ పేరిస్తాడని ఎదురు చూస్తున్నాను.