ఇబ్రహీం కులీ కుతుబ్ షా: నీటి వనరును ముందుంచిన నిర్మాత

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై గల అబ్దుల్లాపూర్‌మెట్ మొదలుకొని దక్షిణాన ఇబ్రహీంపట్నం వరకు నివాస స్థలాల లేఅవుట్లు విస్తరించాయి. పర్యావరణానికి అనుకూలమైన గృహ నిర్మాణంపై చర్చ జరిగే ప్రతి సందర్భంలోను, ఇబ్రహీంపట్నానికి తన పేరునిచ్చిన గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కులీ కుతుబ్ షా జీవితం పరిశీలింపదగినది.

గోల్కొండ రాజ్య స్థాపకుడు సుల్తాన్ కులీ కుమారులలో ఆయన కడపటివారు. 1543లో తండ్రి హత్యకు గురైన పిదప, అన్న జంషీద్‌కు వెరచి బీదరుకు, అక్కడినుండి విజయనగరానికి తరలివెళ్లారు. అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు 7 సంవత్సరాలు గడిపారు. రాతి కాలువలతో, చెరువులతో నీరందుకొన్న మహానగరాన్ని యౌవనంలోనే చూడగలిగారు. తెలుగు భాషపై అభిమానం పెంచుకొన్నారు. 1550లో సింహాసనం అధిష్ఠించారు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కీర్తించారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చారు. అయితే 1565లో ఆశ్రయదాత రామరాయలపైనే ఇతర సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లిన విషయాన్ని విస్మరించి ఆయన చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

ఆయన పాలనలో 1562లో హుస్సేన్‌సాగర్, 1578లో మూసీపై 22 కమానుల పురానాపూల్ నిర్మితమైనాయి. హైదరాబాద్ నగరం వెలసినది 1591లో, కుమారుడు మహమ్మద్ కులీ హయాంలో. అంటే నగరం కంటే దాదాపు 3 దశాబ్దాల ముందే చెరువు సిద్ధమైనది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కూడా ఇబ్రహీం కాలం నాటిదే. స్థానికంగా లభించే నల్లరాయి, డంగు సున్నం ఆనాటి ప్రధాన నిర్మాణ సామగ్రి. మందమైన గోడలు ఎండ వేడిని లోనికి త్వరగా రానీయవు. కుతుబ్‌షాహీల గోల్కొండలో దుర్గం చెరువు నీరు మట్టి గొట్టాల ద్వారా కోటకు చేరేది.

ఇబ్రహీంపట్నం చెరువుకు నీరు చేర్చేందుకు నిజాంల కాలంలో షాబాద్ వైపునుండి ఫిరంగి కాలువ తవ్వించారు. ఆ కాలువ అనేకచోట్ల ఆక్రమణలకు గురై పూడిపోయింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అనగా వాల్టా, భవనాలలో వాననీటి సేకరణ ఏర్పాట్లను నిర్దేశించినది. ఇంటి ఆవరణలో ఇంకుడుగుంత తవ్వి, అదే లేఅవుట్ రహదారి కోసం వరద కాలువను పూడ్చివేస్తే ఆ ఇంటిని హరిత గృహమని పిలవడం కష్టం. అనుమతులు ఇచ్చే అధికారులు ఇంటి నక్షాతో పాటు పరీవాహక ప్రాంతపు పటాన్ని కూడా ముందుంచుకొనవలసిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ఇబ్రహీం కులీ 1580లో మరణించారు. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆయన సమాధి ఉన్నది. 2013లో ప్రారంభమైన పరిరక్షణ కార్యక్రమంలో, ఈ కట్టడాలపై గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, తిరిగి సున్నపు గచ్చునే వినియోగించారు.