గేటు కాచిన బాలుడు: జార్జ్ స్టీఫెన్‌సన్

బంగాళాఖాతపు ఒడ్డున నెల్లూరు సీమలో సముద్రానికి సమాంతరంగా ఒక రైలు మార్గం సాగుతుంది. గూడూరు నుండి నెల్లూరు, బిట్రగుంట, కావలి మీదుగా చెన్నైని విజయవాడతో కలిపే మార్గమిది. దీనికి తూర్పున మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి తీరగ్రామాలున్నాయి.  చేపల గంపలతో వచ్చేవారైనా, ధాన్యపు బండ్లు తోలేవారైనా, చదువుకోసం పట్టణానికి పోయే విద్యార్థులైనా ఈ పట్టాలను దాటక తప్పదు. రెండు దారులు ఒకదానినొకటి ఖండించే చోట గేటు, గేట్‌మన్, దూరం నుండి వినవచ్చే రైలు కూత మనకు నిత్యపరిచితాలు. వీటి పుట్టుక వెనుక ఎందరో పాలుపంచుకున్న సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ముఖ్య పాత్రధారి, రైల్వేల పితామహుడుగా ప్రసిద్ధికెక్కిన జార్జ్ స్టీఫెన్‌సన్.

స్టీఫెన్‌సన్ 1781 జూన్ 9వ తేదీన ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని వైలమ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ బొగ్గుగనిలో నీటిని తోడే ఆవిరి యంత్రానికి నిప్పు వేసే కూలీ. తల్లి మేబెల్. తల్లిదండ్రులిద్దరూ నిరక్షరాస్యులే. పిల్లలను బడికి పంపే స్తోమత వారికి లేదు. ఆ కుటుంబం నివసించిన ఇంటి గుమ్మం ముందు నుండే కొయ్య పట్టాల దారి ఒకటి సాగిపోయేది. గనిలో తవ్విన బొగ్గును ఆ దారిమీద గుర్రాలు పెట్టెబండ్లలో లాగుకుపోయేవి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ బండ్ల కిందపడకుండా కనిపెట్టి ఉండడం బాలుడైన జార్జ్‌కు అప్పగించిన పని.

కొంతకాలానికి కుటుంబం డ్యూలీ బర్న్ అనే చోటికి తరలిపోయింది. అక్కడ ఒక వితంతువు ఆవులను కాయడానికి జార్జ్ కుదిరాడు. దినకూలి రెండు పెన్నీలు. ఆవులు బొగ్గుబండ్ల దారిలోకి పోకుండా చూడడం, రాత్రివేళ ఆఖరి బండి వెళ్లిపోయిన తరువాత దారికి అడ్డంగా ఉన్న గేట్లు మూసివేయడం అతని విధులు. ప్రపంచానికి రైలు మార్గాలను నేర్పిన మహా శిల్పి తన జీవితాన్ని గేటు కాపరిగా ఆరంభించడం విశేషం.

పద్దెనిమిదేళ్ల వయస్సు వచ్చేదాకా ఆయనకు తన పేరు రాయడం కూడా తెలియదు. యంత్రాలను గురించిన విషయాలు పుస్తకాలలో ఉన్నాయని విని, పగలంతా గనిలో శ్రమించి, రాత్రిబడిలో చేరి అక్షరాలు దిద్దాడు. తీరిక దొరికినప్పుడు లెక్కలు సాధించేవాడు. 1802లో ఫ్రాన్సిస్ అనే యువతిని వివాహమాడాడు. మరుసటి ఏడు రాబర్ట్ అనే కుమారుడు జన్మించాడు. 1806లో క్షయవ్యాధితో భార్య మరణించింది. అంతకుముందే ఒక ఆడశిశువును కోల్పోయిన ఆయనకు అది తీరని దుఃఖం. బతుకుతెరువుకోసం స్కాట్లండు వెళ్లి తిరిగి వచ్చేసరికి తండ్రి అంధుడై కనిపించాడు. యంత్రం లోపల పనిచేస్తుండగా పొరపాటున విడుదలైన ఆవిరి ఆయన కన్నులను హరించింది. కూడబెట్టిన సొమ్ముతో స్టీఫెన్‌సన్ తండ్రి అప్పులు తీర్చి, తల్లిదండ్రుల పోషణభారం తానే వహించాడు. తాను నమ్ముకొన్న ఆవిరికి అన్నంపెట్టే శక్తితోపాటు ప్రాణం తీసే శక్తి కూడా ఉందని ఆయన స్వగృహంలోనే తెలుసుకొన్నాడు.

ఆ ఎరుక ఆయన పనిలో ప్రతిఫలించింది. ఆ కాలంలో గనిలోని మండే వాయువులకు దీపపు మంట తగిలి పేలుళ్లు సంభవించేవి. 1812లో ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది మరణించారు. కిల్లింగ్‌వర్త్ గనిలో యంత్రశిల్పిగా ఉన్న స్టీఫెన్‌సన్ 1815లో ఒక రక్షక దీపాన్ని రూపొందించి, వాయువు ఎగజిమ్మే చోటికి స్వయంగా దానిని తీసుకొని వెళ్లి పరీక్షించాడు. అదే సమయంలో ప్రసిద్ధ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కూడా రక్షక దీపాన్ని నిర్మించడంతో ఆ ఘనత ఎవరిదన్న వివాదం చాలాకాలం సాగింది. ఎవరు ముందైనా, తన ప్రాణాన్ని పణంగా పెట్టి పరుల ప్రాణాలను కాపాడదలచిన ఆ గనికార్మికుని సాహసం ప్రశంసనీయం.

1814లోనే ఆయన బ్లూషర్ అనే ఆవిరి ఇంజనును నిర్మించాడు. 1825 సెప్టెంబరు 27న స్టాక్టన్, డార్లింగ్టన్ పట్టణాల నడుమ ఆయన వేసిన మార్గం ప్రారంభమైంది. ఆనాడు రైలుకు ముందు ఒక రౌతు జెండా పట్టుకొని గుర్రంమీద సాగుతూ జనాన్ని హెచ్చరించాడు. కొంతదూరం పోయాక స్టీఫెన్‌సన్ ఆ రౌతును పక్కకు తప్పుకొమ్మని సైగచేసి ఇంజను వేగం పెంచాడు. గుర్రం కంటె ముందు పోయే బండి వచ్చిన తరువాత గుర్రంమీది హెచ్చరిక చాలదు. మరి దారి దాటేవారిని హెచ్చరించేదెలా? ఆ ప్రశ్న అప్పుడే మొదలైంది.

లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మార్గం వేయడానికి అనుమతి కోరినప్పుడు, 1825లో పార్లమెంటు సంఘం ఎదుట ఆయన అనేక ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి వచ్చింది. పట్టాలమీదికి ఆవు వస్తే ఏమవుతుందని ఒక సభ్యుడు అడిగాడు. ఆ ఇబ్బంది ఆవుకేనని ఆయన తన ఉత్తరప్రాంతపు యాసలో చమత్కరించాడట. చమత్కారం మాట ఎలా ఉన్నా, ప్రశ్న మాత్రం యథార్థమైనదే. ఆ ఏడు అనుమతి లభించలేదు. మరుసటి సంవత్సరం లభించిన అనుమతితో నిర్మించిన ఆ మార్గంలో అరవైకి పైగా వంతెనలున్నాయి. రహదారి పైనుండి గాని, కిందనుండి గాని పోతే రైలుకూ మనిషికీ తాకిడి అన్న మాటే లేదు. ఈనాటికీ ఇంతకు మించిన రక్షణ మార్గం మరొకటి లేదు.

1830 సెప్టెంబరు 15న ఆ మార్గం ప్రారంభోత్సవంలోనే ఘోరం జరిగింది. ఇంజనులో నీరు నింపుకోవడానికి రైలు పార్క్‌సైడ్ వద్ద ఆగినప్పుడు, పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్ పట్టాలమీదికి దిగాడు. పక్క పట్టాలమీద వస్తున్న రాకెట్ ఇంజను ఆయన కాలిని నుజ్జునుజ్జు చేసింది. అంతకు ముందటి ఏడు రెయిన్‌హిల్ పోటీలలో విజయం సాధించి పెట్టిన ఇంజనే అది. స్టీఫెన్‌సన్ స్వయంగా మరొక ఇంజను నడుపుతూ క్షతగాత్రుని వాయువేగంతో ఎకెల్స్ ఊరికి చేర్చాడు. అయినా ఆ రాత్రే హస్కిసన్ మరణించాడు. వేగాన్ని సృష్టించినవాడే ఆ వేగానికి బలైన మనిషిని బతికించడానికి అదే వేగంతో పరుగెత్తిన సన్నివేశమది.

రైలు కూతకు సంబంధించి రైల్వే చరిత్రలో తరతరాలుగా చెప్పుకొనే వృత్తాంతం ఒకటుంది. లీస్టర్, స్వానింగ్టన్ మార్గానికి స్టీఫెన్‌సన్ కుమారుడు రాబర్ట్ ఇంజనీరు. 1833 మే నెలలో ఆ మార్గంలోని థార్న్‌టన్ లెవెల్ క్రాసింగ్ వద్ద, వెన్న, గుడ్లు సంతకు తీసుకొనిపోతున్న గుర్రపుబండిని సామ్సన్ అనే ఇంజను ఢీకొన్నది. డ్రైవరు నోటితో బూర ఊదినా బండివానికి వినబడలేదు. నోటి ఊపిరికి బదులు ఇంజనులోని ఆవిరితోనే బూర మోగించవచ్చు కదా అని ఆ మార్గం మేనేజరు ఆష్లిన్ బాగ్‌స్టర్ సూచించాడనీ, స్టీఫెన్‌సన్ వెంటనే అంగీకరించాడనీ, లీస్టరులోని ఒక వాద్యాల తయారీదారు దానిని తయారుచేశాడనీ చెబుతారు. ప్రమాదం కలిగించే ఆవిరే ప్రమాదాన్ని చాటే కంఠమయింది.

కూతతోనే పని పూర్తి కాలేదు. రైలు మార్గం రహదారిని దాటేచోట గట్టి గేట్లు నిర్మించాలనీ, వాటిని తెరిచి మూయడానికి తగిన మనుషులను నియమించాలనీ 1839లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. డ్యూలీ బర్న్‌లో రెండు పెన్నీల కూలికి ఒక బాలుడు చేసిన పని ఆ విధంగా చట్టబద్ధమైన ఉద్యోగమయింది. స్టీఫెన్‌సన్ 1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు ప్రథమాధ్యక్షుడై, 1848 ఆగస్టు 12న చెస్టర్‌ఫీల్డు వద్ద కన్నుమూశాడు. ఆయన మరణించిన ఐదేళ్లకు, 1853 ఏప్రిల్ 16న బొంబాయి, ఠాణాల మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది.

ఇనుప చక్రానికీ ఇనుప పట్టాకూ నడుమ రాపిడి స్వల్పం. అందువల్లనే తక్కువ శక్తితో ఎక్కువ బరువు లాగగలుగుతున్నాం. అందువల్లనే వేగంగా వచ్చే రైలు అత్యవసర బ్రేకులు వేసినా వందల మీటర్లు పోయిగాని ఆగదు. పైగా దూరాన ఉన్న భారీ ఆకారం మన కంటికి మెల్లగా వస్తున్నట్లు భ్రమ గొలుపుతుంది. ఈ రెండు కారణాలవల్ల, దాటేవాని అంచనామీద భారం వేయకుండా దాటే చోటునే సురక్షితంగా తీర్చిదిద్దాలని ఇంజనీర్లు గ్రహించారు. రహదారి పట్టాలను వీలైనంత నిటారుగా ఖండించాలి. రెండు వైపులా చూపుకు అడ్డు ఉండరాదు. వాహనం పట్టాలమధ్య చిక్కుకోకుండా దారి చదునుగా ఉండాలి. గేటు మూసి తాళం పడితేగాని రైలుకు పచ్చదీపం వెలగని ఏర్పాటు ఉండాలి. దీనినే ఇంటర్‌లాకింగ్ అంటారు. మనిషి మరచినా యంత్రం మరవకుండా చేసే ఏర్పాటిది. పట్టాల పక్కన పసుపుపచ్చని పలకమీద హిందీలో ‘సీ/ఫా’ అని కనిపించే అక్షరాలు, ముందున్న గేటుకోసం కూత వేయమని డ్రైవరుకు చెప్పే ఆజ్ఞ.

ఇన్ని తెలిసినా మూల్యం చెల్లిస్తూనే వచ్చాం. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని క్రాసింగులో పాఠశాల బస్సును రైలు ఢీకొని అనేకమంది పసిపిల్లలు అసువులు బాశారు. 2019 జనవరి నాటికి మన దేశపు బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలాలేని క్రాసింగులను పూర్తిగా తొలగించారు. కొన్నిచోట్ల కాపలాదారులను నియమించారు. కొన్నిచోట్ల పైవంతెనలు, పట్టాలకింద దారులు నిర్మించారు. అయితే 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు సమీపంలో ఇంటర్‌లాకింగ్ లేని గేటు వద్ద బడి వ్యాను ప్రమాదానికి గురై ముగ్గురు విద్యార్థులు మరణించారు. గేటూ గేట్‌మనూ ఉన్నంతమాత్రాన సరిపోదని ఆ దుర్ఘటన చాటింది.

మూసిన గేటును తెరవడం, విరగగొట్టడం 1989 రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరాలు. గేటు కింద నుండి వంగి దూరేవాడు ఆదాచేసుకొనేది కొన్ని నిమిషాల కాలం. ఆ నిమిషాలను కాపాడడంకోసం కాక, ఆ మనిషిని కాపాడడంకోసమే ఆ గేటు అక్కడ నిలిచి ఉంది. తమ్ముళ్లను బండ్ల దారినుండి పక్కకు లాగిన పిల్లవాడే పెద్దవాడై లోకానికి రైలునిచ్చాడు. వేగాన్ని కోరుకొనే సమాజం, ఆ వేగానికి అడ్డంగా నడిచిపోయే సామాన్యుని క్షేమాన్ని కూడా తన బాధ్యతగా స్వీకరించాలని స్టీఫెన్‌సన్ జీవితం బోధిస్తున్నది.