బంగారు బిళ్ల మీద గుర్రం

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాసిమ్మని సంఘం వారు అడిగారు. మాస్టార్ల గురించీ, ఆటల పోటీల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉంటారు కదా అని, నేను బొమ్మలు వేసిన ఒకాయన గురించి రాస్తున్నాను. మన బడికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. ఆయన పోయి నూట ముప్పై ఏళ్లు దాటింది. అయినా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో బొమ్మలు గీసి చెవి మెలిపెట్టించుకున్నవాళ్లు నాతోపాటు మన బ్యాచిలోనే కనీసం నలుగురున్నారు. వాళ్ల కోసం ఇది.

రెండేళ్ల కిందట డల్లాస్‌లో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. మనవరాలికి అయిదేళ్లు. లైబ్రరీ నుంచి సంచీ నిండా బొమ్మల పుస్తకాలు తెచ్చుకునేది. కొన్నింటి అట్ట మీద బంగారు రంగు గుండ్రటి బిళ్ల ఒకటి అంటించి ఉండేది. దాని మీద దౌడు తీస్తున్న గుర్రం, ఆ గుర్రాన్ని ఎలాగో పట్టుకుని వేలాడుతున్న పెద్దమనిషి, బెదిరిపోయిన బాతులు. గుర్రం మీద నుంచి పడబోతున్న ఈ తాత ఎవరని అడిగింది. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇంజనీరుకి కష్టం, తాతకి ఇంకా కష్టం. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

గుర్రం మీది మనిషి పేరు జాన్ గిల్పిన్. విలియం కౌపర్ అనే ఆంగ్లకవి రాసిన హాస్యగేయంలో లండన్ బట్టల వ్యాపారి. అరువు తెచ్చుకున్న గుర్రం ఆపినా ఆగకుండా ఆయన్ని ఊళ్లు దాటించేస్తుంది. ఆ బొమ్మ వేసినాయన రాండాల్ఫ్ కాల్డెకాట్.

కాల్డెకాట్ 1846 మార్చి 22న ఇంగ్లండులోని చెస్టర్ పట్నంలో పుట్టాడు. తండ్రి టోపీల వ్యాపారి. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం కుర్రవాడి గుండెని దెబ్బతీసింది. ఆ దెబ్బ చివరిదాకా వదల్లేదు. పదిహేనో ఏట బడి మాన్పించి విట్‌చర్చ్ అనే చిన్న ఊళ్లో బ్యాంకు గుమాస్తాగా పెట్టారు. ఆ ఏడాదే, అంటే 1861లో, చెస్టర్ రైల్వే హోటలు తగలబడితే ఆ మంటల బొమ్మ వేసి పంపాడు. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అచ్చువేసింది. పదిహేనేళ్ల గుమాస్తాకి అదెంత సంబరమో మనం ఊహించుకోవచ్చు.

విట్‌చర్చ్‌లో ఆయన ఊరి బయట పల్లెలో బస చేసేవాడు. గుర్రం మీద తిరగడం, సంతలు, పశువులు, కుక్కలు, వేటగాళ్లు, కంచెల మీంచి తొంగిచూసే రైతులు, అన్నీ అక్కడే కళ్లలో నిండాయి. తర్వాత బొమ్మల పుస్తకాల్లో కనిపించే పల్లె అదే. అక్కణ్నుంచి మాంచెస్టర్‌లో ఇంకో బ్యాంకు. పగలు పద్దులు, సాయంత్రం చిత్రకళా పాఠశాలలో పాఠాలు. బ్యాంకు కాగితాల వెనక కూడా బొమ్మలే. 1872లో, ఇరవయ్యారేళ్ల వయసులో, బ్యాంకు ఉద్యోగం వదిలేసి లండన్ వెళ్లిపోయాడు. పాడైన గుండె ఉన్నవాడు నెల జీతం వదులుకున్నాడు. నేను ఇరవయ్యారో ఏట ఏం చేశానో చెప్పుకోవడం అనవసరం. ట్రేసింగ్ పేపరు మీద వంతెన స్తంభాలు గీస్తూ, ఒకటో తారీఖు కోసం చూస్తుండేవాణ్ని.

లండన్‌లో పత్రికలకి బొమ్మలు వేశాడు. దాలూ అనే ఫ్రెంచి శిల్పి దగ్గర మట్టితో బొమ్మలు చేయడం నేర్చాడు. వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన ఓల్డ్ క్రిస్మస్‌కి వేసిన నూటికి పైగా బొమ్మలతో పేరొచ్చింది. దాంతో ఎడ్మండ్ ఎవాన్స్ అనే అచ్చుపనివాడు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మన ఇంజనీర్ల సరుకు. కాల్డెకాట్ మామూలు కాగితం మీద కలంతో గీసేవాడు. దాన్ని ఫొటో ద్వారా గట్టి చెక్కదిమ్మ మీదికి ఎక్కించి, గీత పోకుండా చెక్కేవారు. ముదురు గోధుమరంగు గీతలతో ఒక ప్రతి తీసి ఇస్తే, దానికి ఆయన రంగులు వేసి ఇచ్చేవాడు. ఆ రంగులకి ఒక్కోదానికి ఒక్కో దిమ్మ మళ్లీ చెక్కాలి. ఒళ్లు రంగు, ఎరుపు, నీలం, పసుపు, బూడిద, గీతల దిమ్మతో కలిపి మొత్తం ఆరు. అదే కాగితం ఆరుసార్లు అచ్చుకెక్కాలి, ఒక్కసారి వెంట్రుకవాసి జరిగినా బుగ్గ మీది ఎరుపు చెవి మీదికి పోతుంది. అందుకే ఎవాన్స్ రంగులు పొదుపుగా వాడాడు. కాల్డెకాట్ గీతలు పొదుపుగా వాడాడు. ఏ గీత వదిలెయ్యాలో తెలియడం ఒక శాస్త్రమని ఆయన నమ్మకం. గీతలు తగ్గితే తప్పులూ తగ్గుతాయని లెక్క. మా డిజైను ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకి నేనిది చెబుతుంటాను, వాళ్లు మర్యాదకి తలూపుతారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆయనకి ముందు ఎవాన్స్‌కి బొమ్మలు వేసిన వాల్టర్ క్రేన్‌కి ఏకమొత్తం ఇచ్చేసేవారు, పుస్తకం ఎంత అమ్ముడైనా అంతే. కాల్డెకాట్ అలా కాకుండా అమ్మిన ప్రతికి ఇంత అని ఒప్పుకున్నాడు. అమ్మకపోతే దమ్మిడీ రాదు. బ్యాంకులో నేర్చుకున్నది ఊరికే పోలేదన్నమాట. 1878 క్రిస్మస్‌కి, జాక్ కట్టిన ఇల్లు పాట ఒకటి, జాన్ గిల్పిన్ ఒకటి, షిల్లింగు వెల పెట్టి రెండు పుస్తకాలు వచ్చాయి. ఎగబడి కొన్నారు. అక్కణ్నుంచి 1885 దాకా ఏడాదికి రెండు చొప్పున మొత్తం పదహారు.

మనం చందమామ చదివి పెరిగినవాళ్లం. చిత్రా, శంకర్ గార్ల బొమ్మలు చూశాకే కథలోకి వెళ్లేవాళ్లం. అక్కడ బొమ్మ కథని చూపిస్తుంది. కాల్డెకాట్ చేసింది వేరు. పాటలో లేని సంగతిని బొమ్మలో పెట్టాడు. బిడ్డకి కుందేలు చర్మం తెచ్చే నాన్న పాటకి చివర్లో ఒక బొమ్మ వేశాడు. ఆ చర్మం తొడుక్కున్న బిడ్డ, అమ్మతో నడిచి వెళుతూ, గట్టు మీద ఉన్న బతికున్న కుందేళ్లని చూస్తుంది. అవీ దాన్ని చూస్తాయి. అంతే. పాటలో ఇది లేదు. పసిపిల్లల పుస్తకంలో ఆ చూపు పెట్టడానికి ధైర్యం కావాలి.

ఆయన బొమ్మల్ని వాన్‌గో మెచ్చుకున్నాడు. పీటర్ అనే కుందేలు కథ రాసి బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్ వాళ్ల నాన్న ఆయన బొమ్మలు కొని ఇంట్లో పెట్టుకున్నాడు, ఆవిడ వాటిని చూస్తూ పెరిగింది.

1880లో మేరియన్ బ్రిండ్‌ని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. చలికాలం వస్తే గుండె కోసం వెచ్చటి చోటు వెతుక్కోవాల్సిందే. 1885లో అమెరికా బొమ్మలు వేసి పత్రికకి పంపుదామని భార్యతో ఓడెక్కాడు. న్యూయార్క్ నుంచి దక్షిణంగా దిగుతూ ఫ్లోరిడా చేరేసరికి జబ్బుపడ్డాడు. వెచ్చదనం కోసం వెళ్లిన చోట ఆ ఏడాది చలి ఎక్కువైంది. 1886 ఫిబ్రవరిలో సెయింట్ అగస్టీన్ అనే ఊళ్లో పోయాడు. నలభై ఇంకా నిండలేదు. సమాధి అక్కడే ఉంది. ఏటా అమెరికాలో వచ్చిన మంచి బొమ్మల పుస్తకానికి ఆయన పేరుతో 1938 నుంచి ఆ దేశపు గ్రంథాలయ సంఘం పతకం ఇస్తోంది. మా మనవరాలి పుస్తకాల మీద బిళ్ల ఆ పతకం బొమ్మే.

తిరిగి వచ్చే ముందు లైబ్రరీలో ఆయన పుస్తకమే దొరికింది. గిన్నె చెంచాతో లేచిపోయే పాట అందులో ఉంది. పాట అయిపోయింది కదా అని నేను పుస్తకం మూయబోతే మా మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాతి పేజీలో ఒక్క అక్షరం లేదు. గిన్నె ముక్కలై నేల మీద పడి ఉంది. చెంచాని అటు చాకు, ఇటు ఫోర్కు, అమ్మానాన్నల్లాగా, చెరో రెక్కా పట్టుకుని ఇంటికి లాక్కుపోతున్నారు. నేను చూడలేదు. అదే చూసింది. గిన్నెని అతికించొచ్చా అని అడిగింది. యాభై ఏడేళ్లకి, ముప్పై ఏళ్ల ఉద్యోగానికి, నా దగ్గర జవాబు లేదు. ఒక కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది. ముక్కలు ఎలా కలుస్తాయో గీసి చూపించమంది. చెయ్యి కాస్త వణికింది గానీ, గీశాను.