గణితవేత్త ఆర్థర్ కేలీ

ఆంగ్ల గణితవేత్తలలో అగ్రగణ్యుడగు ఆర్థర్ కేలీ 1821వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన ఇంగ్లండులోని రిచ్మండు పట్టణమున జన్మించెను. తండ్రి రష్యా దేశమున వర్తకుడగుటచే బాల్యము కొంత అచ్చటనే గడచెను. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1842లో గణిత పరీక్షయందు ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. పిదప న్యాయవాదియై, 14 సంవత్సరములు దస్తావేజులు వ్రాయుచునే, తీరిక వేళలందు రెండువందలకు పైగా గణిత వ్యాసములు రచించెను. 1863లో కేంబ్రిడ్జి ఆచార్యపదవి లభింపగా, రాబడి తగ్గునని తెలిసియు వకాలతు విడిచి దానిని స్వీకరించెను.

1854లో ఆయన గణితమున సమూహమను భావమునకు నిర్వచనమొసగెను. మూడు గ్రంథములను అలమరలో ఆరు విధములుగా అమర్చవచ్చును. ఉన్నదున్నట్లుంచుటను గూడ చేర్చుకొనిన, వాని స్థానములు మార్చు రీతులు ఆరు. ఒక మార్పుపై మరియొక మార్పు చేసినను ఫలము ఆ ఆరింటిలో ఒకటియే యగును. చేసిన మార్పును మరల త్రిప్పివేయవచ్చును. ఇట్టి కట్టుబాటు గల మార్పుల కూటమియే సమూహము.

ఆరు మార్పులు గల సమూహములు ఎన్ని రకములు? రెండేయని కేలీ తేల్చెను. ఒకటి పై గ్రంథముల వంటిది. అందు ముందువెనుకలు తారుమారైన ఫలము మారును. రెండవది ఆరు ఆకుల బండిచక్రమును ఒక్కొక్క ఆకు చొప్పున త్రిప్పుట వంటిది. అందు ఏది ముందు చేసినను ఫలమొక్కటే.

కాని 1878లో వ్రాసిన వ్యాసమున ఆయనయే ఆ రకములు మూడని పేర్కొనెను. రెండు మార్పుల సమూహమును, మూడు మార్పుల సమూహమును జతపరచినచో ఆ చక్రమే వేరొక రూపమున కనబడును. దానిని ఆయన మూడవదిగా లెక్కించెను. పూర్వపు కరీంనగరు జిల్లాకు ఉత్తరపు సరిహద్దు గోదావరి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు దక్షిణపు సరిహద్దును గోదావరియే. రెండు పటములందు గీయబడినంత మాత్రమున నదులు రెండగునా? ఆయన మొదటి లెక్కయే నిలిచినది.

ఈ పని మిక్కిలి కఠినము. 1024 అంశములు గల సమూహములు నాలుగువేల తొమ్మిదివందల కోట్లకు పైగా కలవు. కంప్యూటరు సాయమున ప్రకటించిన ఆ సంఖ్యలో సైతము 1,867 తక్కువపడినట్లు తరువాత తేలెను.

స్త్రీలకు ఉన్నతవిద్య లభించుటకును కేలీ పాటుపడెను. 1895 జనవరి 26న కేంబ్రిడ్జిలో కీర్తిశేషుడయ్యెను. ఆయన వ్యాసములు పదమూడు సంపుటములుగా వెలువడినవి. లెక్కించుటకు పూర్వము ఏది దేనితో సమానమో ఎరుగవలెనను పాఠమును ఆయన విజయమే కాక, పొరపాటును బోధించుచున్నది.